వంకర పిక్కల లెక్క

ఆ రోజుల్లో నా దగ్గర ప్రతి సమస్యకూ ఒక గ్రాఫు ఉండేది. సమస్య లేదన్నవాళ్లకు కూడా ఒకటి గీసి ఇచ్చేవాణ్ణి. విజయనగరంలో స్టాటిస్టిక్స్ పీజీ పూర్తి చేసి, లోకం ఇన్నాళ్లూ లెక్క తేలక నాకోసమే కాచుకుని కూర్చుందని గట్టిగా నమ్మిన వయసు. (మా ఇంట్లో చారు రోజుకో రుచిలో ఎందుకుంటోందో పదిహేను రోజులు కొలతలు రాసి అమ్మకు చూపిస్తే, ఆవిడ ఆ కాగితం పరుచుకుని దాని మీద కరివేపాకు దూసింది.) అలాంటి నన్ను మా చిన్నమావ, అంటే అమ్మ తమ్ముడు, పలాస దగ్గర తను నడిపే జీడిపప్పు ఫ్యాక్టరీకి రమ్మని ఫోన్ చేశాడు. "ఒరే అల్లుడా, పప్పు మరీ బద్దలైపోతన్నాదిరా. కారణమేటో నీ సదువుతో సూసి సెప్పు" అన్నాడు. నిండు పప్పుకున్న గిరాకీ బద్దకు ఉండదు కదా. నా చదువు మీద మా వంశంలో నమ్మకం చూపిన మొదటి మనిషి ఆయనే కాబట్టి, సాయంత్రం బండికే బయల్దేరాను.

అక్కడ పిక్కల్ని, అంటే పెంకు తీయని జీడిగింజల్ని, ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, కోత షెడ్డుకు పంపుతారు. షెడ్డులో పాతికమంది ఆడవాళ్లు ఒక్కో మిషను ముందు స్టూలేసుకుని కూర్చుని, పిక్కను కత్తుల మధ్య పెట్టి, కాలితో పెడలు తొక్కి, లోపలి పప్పు విరగకుండా పెంకును విడదీస్తారు. నేను మెడలో ఐడీ కార్డు వేసుకుని (ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ ఐడీ కార్డు లేదు, నాది నేనే ప్రింటు వేయించుకున్నాను) మూడు వారాలు వాళ్ల మధ్య తిరిగాను. ఆవిరి వేడి, ఆరబెట్టిన గంటలు, గాలిలో తేమ, కత్తుల పదును, కోసేవాళ్ల వయసు, పొద్దున్న తిన్న తిండితో సహా అన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. "ఈ బాబు ఏటి రాత్తన్నాడే?" అని ఒకామె అడిగితే, "మనం ఎన్నిసార్లు ఊపిరి తీత్తన్నామో రాత్తన్నాడంట" అని పక్కామె చెప్పింది. పొద్దున్నే పనిలో కూర్చోగానే వీళ్లంతా తమ గంపల్లోంచి కొన్ని పిక్కలు ఏరి, కిటికీ పక్కన కూర్చునే ఒకావిడ వైపు విసిరేవారు. ఆవిడ వాటిని తన గంపలో వేసుకుని పని మొదలుపెట్టేది. ఇదేదో ఆటనుకుని, "పని వేళల్లో పిక్కలు విసురుకుంటున్నారు, అరికట్టాలి" అని నా నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

ఆ కిటికీ పక్కావిడను షెడ్డంతా అప్ప అనేవారు. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. షెడ్డు కట్టిన నాటి నుంచీ ఆ మిషను మీదే ఉంది. మాట తక్కువ. నా గ్రాఫులో మాత్రం ఆవిడే అందరికన్నా ఎత్తు. తక్కినవాళ్ల గీతలన్నీ పొట్టిగా ఒకే వరసలో నిలబడితే, అప్ప పేరున్న గీత కాగితం అంచు దాకా వెళ్లింది. అందరికన్నా ఎక్కువ పప్పు విరుగుతున్నది ఆవిడ చేతిలోనే. మావ నమ్మలేదు. "అప్పంత సెయ్యి ఈ సుట్టుపక్కల లేదురా" అన్నాడు. "మావా, మనం అనుకునేది వేరు, డేటా చెప్పేది వేరు" అన్నాను. (ఈ వాక్యాన్ని అప్పట్లో రోజుకు నాలుగుసార్లయినా వాడేవాణ్ణి.) వయసు మీదపడటం, చూపు మందగించడం, అలసట అని మూడు కారణాలు కూడా కింద చేర్చాను. చూపునూ అలసటనూ నేను కొలిచిన పాపాన పోలేదు, కానీ మూడు కారణాలుంటే పేజీ నిండుగా కనిపించింది. మావ మర్నాడు అయిష్టంగానే అప్పను కోత మాన్పించి, పొట్టు వలిచే గదిలో కొత్తగా చేరిన పిల్లల పక్కన కూర్చోబెట్టాడు. ఆవిడ నా చేతిలోని కాగితాన్ని ఒకసారి చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. తప్పు ఒప్పుకుందని నేను అనుకున్నాను.

మూడు రోజుల్లో షెడ్డులో బద్దలు తగ్గకపోగా పెరిగాయి. ఖాళీ మిషను పక్కన ఒక గంప నిండి, పిక్కలు నేల మీదకు దొర్లుతున్నాయి. ఇవేమిటని పక్క స్టూలావిణ్ణి అడిగాను.

"వంకర పిక్కలు బాబూ. మా సేతిలో అయితే అన్నీ నుగ్గయిపోతాయి. అప్పయితే సగమైనా నిండుగా తీత్తాది. అందుకే పొద్దున్నే ఏరి అప్పకిచ్చేత్తాం. ఇప్పుడవి మా గంపల్లోనే ఉండిపోతన్నాయి. కోసినకాడికి కోసి మిగిలినవి ఇక్కడెట్టినాం. నువ్వు కోత్తావేటి?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగినావేటి? వయసడిగినావు, సల్దన్నం తిన్నావా అనడిగినావు. పిక్కలెలగున్నాయని అడగలేదు."

అక్కడితో ఊరుకుంటే పరువు దక్కేది. అంత కష్టమేముందిలే అని అప్ప స్టూలు మీద కూర్చుని ఒక గుప్పెడు నేనే కోశాను. ఒక్కటీ నిండుగా రాలేదు. చేతులకు ఆముదం రాసుకోకుండా ముట్టుకోవడంతో జీడి రసం తగిలి కాసేపటికే వేళ్లు భగ్గున మండాయి. షెడ్డంతా నవ్వుతుంటే ఎవరో వెళ్లి అప్పను పిలుచుకొచ్చారు. ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని వేలు వేలుకీ ఆముదం రాసింది.

"తప్పు నాదే అప్పా. కానీ ఈ పిక్కల సంగతి మావతోనైనా అనొచ్చు కదా" అన్నాను.

ఆవిడ ఆముదం గిన్నె మీద మూత పెట్టి, "సదువుకున్నోడివి. అన్నాళ్లు కూకుని రాసినావు. కాయితంలో అలగున్నాదంటే, నా సెయ్యి పోనాదేమో అనుకున్నాను బాబూ. ఇంటికెల్లి సూదిలో దారం ఎక్కించి సూసుకున్నాను" అంది.

నాకు చాలా సిగ్గేసింది. వేళ్ల మంట కూడా కాసేపు తెలియలేదు. ఇన్నేళ్లుగా ఆ చేతిని ఎవరూ అనుమానించలేదు. నేను వచ్చి ఆవిడ చేతనే అనుమానింపజేశాను.

ఆ మధ్యాహ్నం నా జీవితంలో మొట్టమొదటి సరైన పరీక్ష చేశాను. వంకర పిక్కల గంపను బాగా కలిపి, అప్పతో సహా అందరికీ తలా ఒక డబ్బా కొలిచి ఇచ్చాను. కోత అయ్యాక నేను మళ్లీ అప్ప స్టూలు మీదే కూర్చుంటే, పళ్లేలన్నీ నా ముందు పెట్టారు. అప్ప పళ్లెం ఏదో వాకిట్లోంచి చూసినా తెలిసిపోతోంది. మావ అయితే "ఇంకేటి లెక్కెడతావురా" అని విసుక్కున్నాడు. అప్ప మాత్రం "లెక్కెట్టనీ" అంది. బొబ్బలెక్కిన వేళ్లతో ఒక్కో పప్పూ పక్కకు తీస్తూ అన్ని పళ్లేలూ రెండుసార్లు లెక్కపెట్టి, పైకి చదివాను. అప్ప పళ్లెంలో సగానికి పైగా నిండు పప్పు. ఆవిడ తర్వాత ఎక్కువ వచ్చిన పళ్లెంలో దానిలో సగం కూడా లేదు. ఆవిడ నా నోటి వంకే చూస్తూ అంతా విని, తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకుంది.

"అయితే ఇంక లెగు బాబూ, నా స్టూలు మీంచి" అంది.

లేచాను. ఇప్పుడు విశాఖలో ఒక ఏసీ గదిలో, గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని, నేను ఎన్నడూ చూడని మనుషుల పని మీద గ్రాఫులు గీస్తుంటాను. అప్పటి నా ధీమాను తలచుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటాను. కానీ ఏదైనా గ్రాఫులో ఒక పేరు తక్కినవాళ్లకన్నా ఎత్తుగా కనబడిందంటే, నాకు తెలియకుండానే కుర్చీలోంచి సగం లేస్తాను. పక్క సీటు అమ్మాయి "నడుం నొప్పా సార్?" అని అడుగుతుంది. అవునంటాను.