చావింట్లో వస్తానన్న మా జేజి

మా జేజి ఓబులమ్మ, అంటే మా నాయనమ్మ, మనుషుల కళ్ళలోకి చూసి మాట్లాడదు. చెవులు చూసి మాట్లాడుతుంది. అందుకే జమ్మలమడుగులో మా వీధిలో ఎవరు కమ్మలు మార్చినా అందరికంటే ముందు తెలిసేది ఆమెకే. నేనేమో ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పి, చదువుకు దండం పెట్టి, బస్టాండు దగ్గర బ్యూటీ పార్లర్లో కనుబొమ్మలు దిద్దే పనికి చేరాను. ఆమెకు చెవులు, నాకు కనుబొమ్మలు. మనిషి మొహాన్ని మా ఇంట్లో ఇద్దరం పంచుకున్నాం.

జేజిది సోషల్ వర్కు. ప్రొద్దుటూరులో ఆఫీసున్న ఒక సంస్థలో ఫీల్డు వర్కరు. గండికోట రిజర్వాయరు నీళ్ళకు మునిగిన పల్లెల వాళ్ళు ఇప్పుడు కొండాపురం చుట్టూ కాలనీల్లో ఉంటున్నారు. ఆ ఇండ్లకు పోయి మొగుడు పోయిన ఆడవాళ్ళనూ, దిగులుతో మంచం దిగని ముసలోళ్ళనూ, బడి మానిన పిల్లలనూ పలకరించి, వాళ్ళకు కావలసిన సాయం అందేలా చూడటం ఆమె పని. మాదీ మునిగిన పల్లే. మాకూ గొర్రెల మంద ఉండేది. మందను అమ్ముకుని ఈ ఊరికి వచ్చేశాం గానీ, మంద వెంట తిరిగిన కాళ్ళను జేజి అమ్ముకోలేదు. ఒక పూట ఇంట్లో కూర్చోబెడితే "కాళ్ళు గుంజుతాండాయి మే" అని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంది.

ఇట్లాంటి పనికి తియ్యగా మాట్లాడేవాళ్ళు కావాలని అందరూ అనుకుంటారు. మా జేజిని "బాగుండావా ఓబులమ్మా?" అని అడిగి చూడండి, మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి వరసగా పైకి వస్తుంది. పక్కింటి కొత్త కోడలు పాయసం పెట్టి "ఎట్లుంది పెద్దమ్మా?" అంటే "మాడింది" అంది. ఆ కోడలి అత్త సంతోషం పట్టలేక ఇంకో గిన్నె పోసింది. మిక్సీ వేస్తే జేజి వీధిలోకి పోయి నిలబడుతుంది. ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది కాబట్టి దాన్ని బియ్యం డబ్బాలో పూడ్చిపెడుతుంది. మా ఇంట్లో అన్నం వండాలంటే ముందు మిస్డ్ కాల్స్ ఏరాలి.

పోయిన ఏడాది ఆఫీసులో పిల్లల ఆటిజం గురించి ట్రైనింగు పెట్టారు. డాక్టరమ్మ గోడ మీద బొమ్మలు చూపిస్తూ, ఇట్లాంటి పిల్లలు కళ్ళలోకి చూడరు, చప్పుళ్ళు ఓర్చుకోలేరు, చెప్పిన మాటను చెప్పినట్టే తీసుకుంటారు, అనుకున్నది మారితే తల్లడిల్లుతారు అని చెప్పుకుంటూ పోతుంటే జేజి చెయ్యి ఎత్తింది.

"ఏమ్మా, డౌటా?"

"డౌటు లేదు. ఆ పిల్ల నేనే."

హాలంతా నవ్వింది. నవ్వని మనిషి తస్లీమా ఒక్కతే. ఆమె ఆ సంస్థలో కౌన్సిలరు. జేజిని కడపలో పెద్ద డాక్టరు దగ్గరకు పిలుచుకుపోయింది కూడా ఆమే. రెండు మూడు తడవలు తిరిగాక ఆయన అవునన్నాడట. ఇది జబ్బు కాదనీ, మెదడు అల్లికే వేరనీ, జేజి చిన్నతనంలో ఇవన్నీ చూసి గుర్తుపట్టేవాళ్ళు లేరనీ చెప్పాడట.

"ఏమన్నాడు జేజీ?" అని అడిగాను ఇంటికి రాగానే.

"పేరు పెట్టినాడు," అంది.

యాభై ఎనిమిదేండ్లకు నామకరణం! ఊరుకుంటానా? వీధంతా బొరుగులూ చక్కెరా పంచాను, ఎందుకని మాత్రం ఎవరికీ చెప్పలేదు. జేజి కూడా ఒక గుప్పెడు నోట్లో పోసుకొని, "బొరుగులు మెత్తబడినాయి," అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆఫీసుకు ప్రసూన మేడమ్ కొత్త కోఆర్డినేటరుగా వచ్చింది. మంచి మనిషే, కొంచెం హడావిడి ఎక్కువ. వచ్చీ రాగానే ఒక పద్ధతి పెట్టింది. ఏ ఇంటికి పోయినా, లేచేముందు మళ్ళీ ఏ రోజు వస్తారో ఆ ఇంటివాళ్ళకు చెప్పి రావాలి, చెప్పిన రోజు పోయి తీరాలి. అంతకుముందు కొందరు "వీలు చూసుకొని వస్తాంలే" అని చెప్పి నెలల తరబడి ఆ దిక్కు తొంగిచూసేవాళ్ళు కాదట.

జేజి మురిసిపోయింది. అంతవరకు ఆమె పని అయిపోతే మాట మధ్యలోనే లేచి, చెప్పులేసుకొని పోయేది. వెనక నుంచి జనం "ఏంది ఈమె, చెప్పకుండా పాయ" అనుకునేవాళ్ళు. ఇప్పుడు లేవడానికి ఒక మాట దొరికింది. "బుధవారం వస్తా." "సోమవారం వస్తా." ప్రతి ఇంట్లో హారతి పళ్ళెం తిప్పినంత శ్రద్ధగా ఆ మాట చెప్పి, అదే రోజు పోయేది.

రామన్న చనిపోయేదాకా అంతా బాగానే నడిచింది.

రామన్నది కొండాపురం దగ్గర కాలనీ. గొర్రెలు కాసుకునే మనిషి, ఉన్నట్టుండి గుండె ఆగిపోయింది. భార్య అక్కమ్మ ఒక్కతే మిగిలింది. ఉన్న ఒక్క కూతుర్ని చాపాడుకు ఇచ్చారు. పెద్దకర్మ చేసే పెద్దదినం మంగళవారం వచ్చింది, ఆ రోజు మా పార్లరుకు సెలవు కాబట్టి జేజిని స్కూటీ మీద నేనే తీసుకుపోయాను.

మన దిక్కు చావింటికి పోయినవాళ్ళు లేచేటప్పుడు "పోయొస్తా" అనరు. మళ్ళీ వస్తానంటే ఆ ఇంట్లో ఇంకో చావుకు వస్తానన్నట్టే లెక్క. గమ్మున లేచి, వెనక్కి చూడకుండా పోవాలి. ఈ ఆచారం జేజికీ తెలుసు. అయితే తెలిసినదాని మీద ఆఫీసు పద్ధతి ఎక్కి కూర్చుంది.

వచ్చినవాళ్ళందరూ అక్కమ్మ మొహంలో మొహం పెట్టి ఏడ్చి పోతున్నారు. జేజి ఆమె పక్కన గోడకానుకొని, ఎదురుగా ఉన్న గొర్రెల దొడ్డిని చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, పందిట్లో అందరికీ వినబడేలా చెప్పింది.

"అక్కమ్మా, వచ్చే శుక్రవారం మల్లా వస్తా."

సాంబారు పోస్తున్నాయన చేతిలో గంటె అట్లే నిలిచిపోయింది. నేను నవ్వు ఆపుకోవడానికి స్కూటీ తాళంచెవి కొరుక్కున్నాను. రామన్న తమ్ముడు తిరుపాల్ విస్తరి ముందు నుంచి లేచాడు.

"ఏంది? మల్లా వస్తావా? ఇంగెవురి కోసమొస్తావు? నా కోసమా?"

జేజి ఆలోచించి చెప్పింది. "నీ కోసం కాదు. అక్కమ్మ కోసం."

"సూడండప్పా! మా వదినను గూడా పిలుస్తాండాది!"

జేజి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి స్కూటీ ఎక్కించాను. దారంతా ఆమె అడిగిన మాట ఒకటే. "ఎవురి కోసమని ఆయన్నే గదా అడిగింది?"

అంతటితో పోయేదే. రెండు రోజులకు తిరుపాల్ పొట్టేలు కడుపుబ్బి చచ్చింది. జాతరకని ముద్దుగా పెంచుకున్న పొట్టేలు. అన్న పోయినప్పుడు ఏడ్చినంతా దానికీ ఏడ్చి, తిరుపాల్ ఆఫీసులో ఫిర్యాదు చెయ్యడానికి ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

మరుసటి వారం ఆఫీసు నుంచి జేజికి పిలుపు వచ్చింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ గది తలుపు సరిగా పడదు కాబట్టి మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"చావింట్లో అట్లా అంటారా ఓబులమ్మ గారూ?"

"లేచేముందు చెప్పాలని మీరే గదా మేడమ్ చెప్పినారు."

"చెప్పాను. చావింట్లో కూడా చెప్పమన్నానా?"

"వద్దని గూడా చెప్పలేదు."



"సరే, ఈ శుక్రవారం మీరు ఆ ఇంటికి పోవద్దు."

"పోతానని చెప్పినాను."

"తిరుపాల్ గొడవ చేస్తే ఆ కాలనీలో మనల్నెవరినీ అడుగుపెట్టనీరు. మీరు పోయి మళ్ళీ రచ్చయితే మిమ్మల్ని ఫీల్డులో పెట్టడం నా చేతిలో ఉండదు. పులివెందులలో హెల్ప్‌లైన్ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది."

పులివెందుల హెల్ప్‌లైన్ గదిని జేజి ఒకసారి చూసింది. చిన్న గది, కిటికీ లేదు, మేజా మీద ఫోన్లు ఒకటి ఆగితే ఒకటి మోగుతూనే ఉంటాయి. ముద్దనూరులో బస్సు మారి అంత దూరం పోయేది ఆ మోత వినడానికి! అక్కడ బియ్యం డబ్బా కూడా ఉండదు.

జేజి బయటికి వచ్చి నా బెంచీ మీద కూర్చుంది. తస్లీమా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, కడప డాక్టరు చెప్పిన సంగతి మేడమ్‌కు తెలీదు. చెప్పేదా? నువ్వు చెప్పమంటే తప్ప నేను చెప్పను."

"చెప్పు. దాపరికమేముండాది? అయితే నన్ను పోకుండా తప్పించేదానికి చెప్పొద్దు. పోయేదానికి చెప్పు."

తస్లీమా చెప్పింది. మేడమ్ తలుపు దాకా వచ్చి, "నాకు ముందే తెలిసుంటే ఆ పద్ధతి ఇంకా విడమరిచి చెప్పేదాన్ని," అంది నొచ్చుకుంటూ. "కానీ తిరుపాల్ ఇదంతా వింటాడా? గొడవైతే నేనేం చేయలేను ఓబులమ్మ గారూ. పోయేటట్టయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చావింట్లో 'వస్తా' అనే మాట మీ నోట్లోంచి రాకూడదు."

"ఇప్పుడు సరిగ్గా చెప్పినారు," అంది జేజి.

గురువారం సాయంత్రం ఆమె సంగటి ముద్ద సగం వదిలేసింది. నేను ఊరుకోకుండా నా ఫోను మోగించి, "హలో, పులివెందుల హెల్ప్‌లైన్, ఓబులమ్మను మాట్లాడతాండా," అని గొంతు మార్చి ఆట పట్టించాను. జేజి చెవులు మూసుకొని వీధిలోకి పోయింది. ఎంతకూ లోపలికి రాలేదు. నా సరదా అక్కడితో చల్లారింది. ఫోను తీసుకుపోయి బియ్యంలో పెట్టి, ఆమె పక్కన నిలబడ్డాను.

"పోకపోతే ఏమైతాది జేజీ?"

"ఆమె ఎదురుచూస్తాది."

"ఆమె గూడా నీ మాటకు జడుసుకొని ఉంటే?"

"అప్పుడు పొమ్మంటాది. పొమ్మంటే వచ్చేస్తా."

శుక్రవారం పార్లరులో జనం కిటకిటలాడతారు. నేను ఒంట్లో బాగలేదని ఫోన్ చేసి స్కూటీ తీశాను. మేం పోయేసరికి తిరుపాల్ గడపకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"వస్తివా! మా కాలనీలో ఇంకా శానా పొట్టేళ్ళుండాయిలే. ఏదాన్ని తీసకపోతావు?"

జేజి ఎప్పటిలాగే ఆయన చెవి చూసింది. "నీ ఎడమచెవి పోగు యాడపాయ?"

తిరుపాల్ చెయ్యి చటుక్కున చెవి మీదికి పోయింది. నిజంగానే లేదు. బెదిరింపు మరిచిపోయి, "ఓర్నీ, పొద్దున గూడా ఉన్నిందే" అంటూ వాకిట్లో వంగి వెతకసాగాడు. లోపల నుంచి అక్కమ్మ గొంతు వినబడింది.

"ఆమెను లోపలికి రానియ్యి తిరుపాలూ. పొద్దున్నించి వాకిలి చూస్తాండా."

"వదినా, ఈమె మాటకే గదా పొట్టేలు సచ్చింది!"

"నువ్వు లేత జొన్నలోకి ఇడిస్తే సచ్చింది. కాయాల్సినోడివి గట్టు మీద కూసొని ఫోన్లో క్రికెట్టు చూస్తాంటివి. ఆమె మాట వచ్చి నీ పొట్టేలికి జొన్న మేపిందా?"

నేను పకపకా నవ్వాను. అక్కమ్మ కూడా నవ్వింది. నవ్వి, నవ్వొచ్చిందే అన్నట్టు గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పందిరి పీకేశారు. ఇంట్లో అక్కమ్మ తప్ప ఎవరూ లేరు. జేజి పోయినసారి కూర్చున్న చోటే గోడకానుకొని కూర్చుంది. ఇద్దరూ దొడ్డిని చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి అక్కమ్మే మొదలుపెట్టింది.

"పెద్దదినానికి ఎంతమందొచ్చిరి! అందరూ గమ్మున లేచి పాయిరి. ఆచారం గదా, వాళ్ళ తప్పు లేదు. నా బిడ్డ గూడా చాపాడుకు చెప్పకుండానే పాయ. ఇంట్లో ఒక్కదాన్నే కూసొని, ఎవురొస్తారని ఎదురుచూసేది? ఒక్కదానివి నువ్వు చెప్తివి. ఈ దినాలన్నీ శుక్రవారం కోసమే చూస్తాంటి."

ఇట్లాంటప్పుడు వేరేవాళ్ళయితే చెయ్యి పట్టుకుంటారు, కన్నీళ్ళు తుడుస్తారు. మా జేజి ఆమె చెవి చూసింది. "కమ్మలు తీసేసినావు. చెవులు పూడిపోతాయి. వేపపుల్లలు పెట్టుకో, మల్లా కమ్మలు పెట్టుకునేదానికుంటాది."

అక్కమ్మ మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. జేజి ఆపమనలేదు. ఏడుపు దానంతట అది తగ్గేదాకా పక్కనే ఉండి, వాకిట్లో వేపచెట్టు నుంచి ఒక పుల్ల విరుచుకొచ్చి ఇచ్చింది.

పని అయిపోయింది. జేజి లేచి గడప దగ్గరకు వచ్చి ఆగిపోయింది. నోరు తెరిచింది, మూసింది. లేచేముందు చెప్పాలని ఒక పద్ధతి, చావింట్లో చెప్పకూడదని ఇంకో పద్ధతి. రెంటి మధ్య మా జేజి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అట్లే నిలబడిపోయింది. వాకిట్లో తిరుపాల్ ఆ నోటి వంకే చూస్తున్నాడు. ఒక్క మాట జారితే జేజి పులివెందులకే.

"మల్లా ఎప్పుడొస్తావో చెప్పకుండా పోతాండావేంది?" అంది అక్కమ్మ.

"చావింట్లో ఆ మాట నేను అనకూడదని మేడమ్ చెప్పింది."

"నువ్వు అనొద్దులే. నేనంటా. శుక్రవారం రా."

జేజి మొహం విప్పారింది. కాలు బయట పెట్టింది.

"తిరుపాలూ, ఆ మేడమ్‌కు ఫోన్ చెయ్యి," అంది అక్కమ్మ. ఆమె చూసిన చూపుకు తిరుపాల్ అక్కడికక్కడే ఫోన్ తీశాడు.

"మేడమ్, నేను తిరుపాల్‌ను. అదేనమ్మా, పొట్టేలు తిరుపాల్. ఓబులమ్మనే పంపీండి. ఆ... అది సచ్చింది జొన్న మేసంట."

సోమవారం ప్రసూన మేడమ్ తన పద్ధతికి ఒక ముక్క కలిపింది. చావింట్లో మళ్ళీ వచ్చే రోజు ఆ ఇంటివాళ్ళనే చెప్పనివ్వాలి, వర్కరు తల ఊపితే చాలు. తల ఎంతసేపు ఊపాలని మా జేజి అడిగిందట. ఈసారి మేడమ్ విసుక్కోకుండా, కుర్చీలోంచి లేచి, ఊపి చూపించిందని తస్లీమా చెప్పింది. పులివెందుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అయితే ఆ శుక్రవారం మేం అక్కమ్మ ఇంటి నుంచి బయలుదేరుతుంటే తిరుపాల్ స్కూటీకి అడ్డం వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, రావద్దని నేననడం లేదు. వచ్చేటప్పుడు మా దొడ్డి పక్కన కాకుండా అట్లా చెరువుకట్ట మీద చుట్టూ తిరిగి రాండి. ఎందుకైనా మంచిది," అన్నాడు. తిరుపాల్ ఆ మాట ఎప్పుడో మరిచిపోయాడు. మొన్న దొడ్డి పక్క దారిలో నిలబడి "ఇట్లా రాకూడదా, దగ్గర గదా!" అని కేకేశాడు కూడా. మా జేజి వింటేనా! చుట్టూ తిరిగి రమ్మన్నాడు కదా. ప్రతి శుక్రవారం నా స్కూటీ చెరువుకట్ట గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది, జేజి వెనక కూర్చొని నా చెవులు చూస్తూ, "ఆ జుంకాలు నీకు బాగలేవు మే," అంటోంది.