ముప్పై అక్షరాల జాగా

నా చిన్నప్పుడు చెప్పిన అబద్ధాల్లో ఒక్కటి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అది మా చాపెల్ పాస్టరుగారికి, చనిపోయిన మా నాన్న గురించి చెప్పాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

మేము వేల్స్‌లో కొండ పక్కనున్న ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. అమ్మ అక్కడి కేర్ హోమ్‌లో నర్సు. నాన్న రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తెనాలి దగ్గర మా వాళ్లంతా చర్చికి వెళ్లేవాళ్లే కాబట్టి, ఇక్కడ ఇంటికి దగ్గరని చాపెల్ అనే ఆ చిన్న చర్చికి వెళ్లేవాళ్లం. ఆరాధన మొత్తం వెల్ష్ భాషలో జరిగేది. నాకు బళ్లో నేర్పారు కాబట్టి తెలిసేది, అమ్మకీ నాన్నకీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా అమ్మ డ్యూటీ రోటాలో ఆదివారం సెలవు పడితే చాలు, అందరికంటే ముందే వెళ్లి రెండో వరసలో కూర్చునేవాళ్లం. అర్థంకాని ప్రసంగానికి అంత తొందరేమిటో నాకు తెలిసేది కాదు.

ఆ పాస్టరుగారు కవి కూడా. ఊళ్లో ఎవరు పోయినా సమాధి రాయి మీదకి నాలుగు పాదాల పద్యం ఆయనే రాసేవారు. మన పద్యాలకు యతిప్రాసలున్నట్టే వాళ్లకీ గట్టి లెక్కలున్నాయి. మొత్తం ముప్పై అక్షరాలే ఉండాలి, పాదం మొదటి సగంలో పడ్డ హల్లులు రెండో సగంలో అదే వరసలో మళ్లీ పడాలి. ఆయన దారిన పోతూ కోటు గుండీల మీద వేళ్లతో అక్షరాలు లెక్కపెట్టుకుంటుంటే ఎవరూ పలకరించేవారు కాదు.

రాసే ముందు ఆయనకొక పద్ధతి ఉండేది. పోయినవాళ్ల ఇంటికి వచ్చి, వంటగదిలో టీ తాగుతూ, ఇంట్లోవాళ్లందరినీ తలా ఒక్క సంగతి చెప్పమనేవారు. మాటలొచ్చిన పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరూ చెప్పాలి. ఒక్కరు మిగిలినా పద్యం మొదలుపెట్టేవారు కాదు.

నాన్న పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆ రోజు నన్ను బడి నుంచి ఎవరు తీసుకొచ్చారో గుర్తులేదు. సమాధి చేసేటప్పుడు నేను పెట్టెకున్న ఇత్తడి పిడులు చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. లండన్ దగ్గరి స్లౌ నుంచి వచ్చిన ఒక తెలుగు ఆంటీ నన్ను గట్టిగా పట్టుకుని, "ఏడువు తల్లీ, ఏడిస్తే మంచిది" అంటూ ఊపేసింది. నాకు ఆవిడ స్వెటర్ గుచ్చుకోవడం తప్ప ఇంకేమీ తెలియలేదు. నేను చెడ్డపిల్లనని, అందుకే నాకు ఏమీ అనిపించడం లేదని తీర్మానించుకున్నాను.

రెండు నెలలకు రాయి సంగతి వచ్చింది. పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. అమ్మ ఒక సంగతి చెప్పింది. నాయనమ్మ చేత చెప్పించడానికి ఫోన్ కార్డు గీకి తెనాలికి ఫోన్ చేసి, ఆవిడ ఏడుస్తూ చెప్పిందంతా ఇంగ్లీషులో పాస్టరుగారికి వినిపించింది. తర్వాత నా వంతు. నేను టీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన తొందరపెట్టకుండా వెళ్లిపోయారు. ఇంకో వారం వచ్చారు, అప్పుడూ అంతే.

ఆయన అటు వెళ్లగానే అమ్మ నా మీద విరుచుకుపడింది. "అయ్యగారు అంత ఓపిగ్గా అడుగుతుంటే నోట్లోంచి ఒక్క మాట రాదేంటే నీకు? ఊళ్లో అందరి రాళ్ల మీదా పద్యాలుంటే, మీ నాన్న రాయి ఉత్తిగా ఉంచమంటావా?"

అందుకే మూడోసారి అబద్ధం చెప్పాను. మా క్లాసు పిల్ల వాళ్ల తాతయ్య సమాధి మీద చదివిన మాటే తెచ్చి, "మా నాన్న చాపెల్‌లో పాటలు చాలా బాగా పాడేవాడు" అన్నాను.

పాస్టరుగారి పెన్సిలు కదల్లేదు. రెండో వరస ఆయన ప్రసంగించే పుల్పిట్‌కి ఎదురుగా ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. చాపెల్ అంతా నాలుగు స్వరాల్లో పాడుతుంటే, మా నాన్న పాటల పుస్తకం ఛాతీకి ఆనించుకుని నోరు మెదపకుండా నిలబడడం ఆయన మూడేళ్లపాటు ప్రతిసారీ చూశారు. తల దించుకున్నాను. ఆయన మాత్రం పెన్సిలు జేబులో పెట్టుకుని, అమ్మతో చెప్పి, నన్ను నడకకు తీసుకెళ్లారు.

కొండవాలు మీది సమాధుల దగ్గరికి వెళ్లాం. అక్కడి రాళ్లన్నీ నల్లటి పలకరాళ్లు. ఒక రాయి దగ్గర ఆగారు. దాని మీద ఆయన భార్య పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. కింద నాలుగు పాదాలు పట్టేంత జాగా, తుడిచిన పలకలా ఖాళీగా ఉంది.

"మీకు పద్యం రాలేదా?" అని అడిగాను.

"ఊరందరికీ వస్తుంది. ఈవిడకి రావడం లేదు, పదకొండేళ్లుగా. మొదట్లో నాలో ఏదో చచ్చిపోయిందనుకున్నాను. చావలేదు, మాట రాలేదు, అంతే. ఖాళీగా ఉంచాను గానీ అబద్ధం చెక్కించలేదు."

అది తిట్టులా అనలేదు. వాన పడుతోందన్నట్టుగా అన్నారు. అప్పుడు చెప్పాను.

నాన్న రోజూ ఉదయం తలుపు దగ్గర నా కోటు తెరిచి పట్టుకుని, "ఊఁ, కుడి చెయ్యి" అనేవాడు. తర్వాత ఎడమ చెయ్యి. ఆఖరి రోజున గేటు దగ్గర నా స్నేహితురాళ్లు చూస్తున్నారని సిగ్గేసి, కోటు లాక్కుని నేనే తొడుక్కుని వెళ్లిపోయాను. వీధి మలుపులో వెనక్కి చూస్తే, కోటు ఇంకా చేతుల్లో ఉన్నట్టే చేతులు చాపి నిలబడి ఉన్నాడు. నాకు గుర్తున్నది అదొక్కటే, అందుకే చెప్పలేకపోయానన్నాను.

ఆయన నా హుడ్ సరిచేసి, "అది చాలు" అన్నారు. తిరిగి వస్తుంటే ఆయన వేళ్లు గుండీల మీద కదలడం చూశాను.

రాయి నిలబెట్టిన రోజు ఆ పద్యానికి అర్థం అమ్మకు ఇంగ్లీషులో చెప్పారు. తలుపు దగ్గర కోటు పట్టుకుని ఒక తండ్రి నిలబడ్డాడు, వెచ్చదనం పాపకిచ్చి చలి తను ఉంచుకున్నాడు. నేను కోటు లాక్కున్న సంగతి అందులో లేదు. అమ్మ ఆ రాయి మీద తల ఆనించి ఏడ్చింది. నాకు ఆ రోజూ ఏడుపు రాలేదు, కానీ నేను చెడ్డపిల్లనని అనిపించలేదు.

నేను కాలేజీలో ఉండగా పాస్టరుగారు పోయారు. భార్య పేరు పక్కన ఆయన పేరు చేర్చారు. ఆ జాగాని ఆయన చెప్పినట్టే ఖాళీగా వదిలేశారు.

ఇప్పుడు నేనూ నర్సునే. వార్డులో ఎవరైనా పోయినప్పుడు, కళ్లు తడి కాకుండా కూర్చున్న మనిషిని చుట్టూ ఉన్నవాళ్లు ఏడవమని బతిమాలుతుంటే, వాళ్లందరినీ టీకి పంపేసి నేను ఆ మనిషి పక్కన కూర్చుంటాను. ఒక్క సంగతి అడుగుతాను. చెప్పకపోతే మళ్లీ అడగను.

నాన్న కోసం నేను ఇప్పటికీ ఏడవలేదు. రోజూ ఉదయం మా అమ్మాయికి కోటు పట్టుకుని, "ఊఁ, కుడి చెయ్యి" అంటాను. ఒక్కోరోజు నా చేతుల్లోంచి లాక్కుని, తనే తొడుక్కుని పరిగెత్తుతుంది. నా చేతులు కాసేపు అలాగే ఉండిపోతాయి.