ఒకే నంబరు, ఇద్దరు మనుషులు

లోకంలో తప్పులన్నీ తెలివితక్కువవాళ్ళే చేస్తారని నేను గట్టిగా నమ్మిన రోజులవి. తమిళనాడులోని విరుదునగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరాను (ఆఫీసంటే మిరపకాయల గోడౌను మీద రెండు గదులు, తుమ్ముతూనే ప్రోగ్రాములు రాసేవాళ్ళం). ఒక రక్తపరీక్షల ల్యాబుకు అక్కడా, కోవిల్‌పట్టిలోనూ శాఖలుండేవి. రెండుచోట్లా తీసిన రక్తాన్ని విరుదునగర్‌లోనే పరీక్షించేవాళ్ళు. ఒక్కో సీసాకు ఇంకే సీసాకూ లేని నంబరు ఇచ్చే ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రాము ముక్క, రాయమని నాకు అప్పగించారు. తేదీ, గంట, నిమిషం, సెకను వరసగా పేర్చి మూడు లైన్లలో ముగించాను. కళ్ళజోడక్క అని మేం పిలిచే సీనియరు చూసి, "రెండూళ్ళలో ఒకే సెకనుకు రెండు సీసాలొస్తే?" అంది. "వాళ్ళేమైనా ఫోను చేసుకొని సూది పొడిపించుకుంటారా అక్కా?" అని నవ్వి, ఆమె సెలవు పెట్టిన రోజు చూసి దాన్ని ఆఫీసు ప్రోగ్రాములన్నీ వాడుకునే కోడ్ లైబ్రరీలో చేర్చేశాను.

రెండు నెలలకు అదే జరిగింది. ఒకే నంబరుతో రెండు సీసాలు వచ్చి, రిపోర్టులు తారుమారయ్యాయి. విరుదునగర్‌లో నిక్షేపంలా ఉన్న ఒక నేతపనామె తనకు విపరీతమైన షుగరుందని పదిహేను రోజులు అన్నం మానేసి ఏడ్చిందట. కాలిపుండు మానక కోవిల్‌పట్టిలో పరీక్ష చేయించుకున్న పుదూరు రైతుకేమో షుగరే లేదని కాగితం వెళ్ళింది. ఆయన ఆ సంతోషంలో కడలమిఠాయి, అదే పల్లీపట్టీ, పొట్లం కొని బస్సులో దారంతా తిన్నాడట. పుండు నల్లబడింది. ఆసుపత్రిలో మళ్ళీ పరీక్షించి అసలు సంగతి కనిపెట్టేసరికి రెండు కాలివేళ్ళు తీసెయ్యాల్సి వచ్చింది.

ఆ రైతుదీ తెలుగిల్లే, నేనూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాణ్ణి కదా అని క్షమాపణకు పుదూరికి నన్నే పంపారు. ఆ రైతుతాత కట్టుకట్టిన కాలు మంచం మీద చాపి, "పేరుండంగా నంబరెందుకప్పా?" అన్నాడు.

"ఒకే పేరువాళ్ళు చానామంది ఉంటారు తాతా. తప్పు జరక్కూడదని..."

"మా ఊర్లో ఆరుగురు రామసామిలుండారు. ఇన్నేండ్లలో ఒగని బదులు ఇంకొగని వేలు ఎవురూ కొయ్యలేదే!" అని ఆయనే నవ్వాడు. కోడలు నవ్వలేదు. "విత్తే కాలమొస్తా ఉంది. ఈయన చేన్లో ఎట్ల నిలబడేది?" అంది.

తిరిగొచ్చి అక్కతో, "నువ్వు చెప్పినా వినలేదు" అన్నాను. ఆమె తిట్టలేదు. కుర్చీ లాక్కొని పక్కన కూర్చుంది. నంబరుకు ముందు ఊరి గుర్తు, వెనక యంత్రం కలగాపులగంగా ఎంచే అక్షరాలు, అప్పటికే ఉన్న నంబరు మళ్ళీ వస్తే తీసుకోనని మొండికేసే డేటాబేసు... ఇవన్నీ చేర్చేసరికి నాలుగు రోజులు పట్టింది.

తాత ఆ ఏడు కర్ర పట్టుకొనే చేన్లోకి దిగాడని విన్నాను. చూసి రావాలని అప్పుడే అనుకున్నాను. ఇన్నేళ్ళుగా పుదూరు బస్సు ఎదురుగా ఆగినప్పుడల్లా, వచ్చేవారం వెళ్దాంలే అని పక్కకు తప్పుకొనే నాలోని ఈ పెద్దమనిషిని చూస్తే నాకే నవ్వొస్తుంది.