మూడోసారి వద్దంటేనే వద్దని

దెందులూరు దగ్గర మంగాయమ్మ ఇంటికి భోజనానికి వెళ్ళేవాళ్ళు ముందుపూట పస్తుంటారు. ఇది తెలిసినవాళ్ళ సంగతి. తెలియనివాళ్ళ అవస్థ వేరు. పంట లోను తనిఖీకని వచ్చిన బ్యాంకు ఆఫీసరొకాయన గుమ్మంలో నిలబడి "మంచినీళ్ళు చాలండీ, వెంటనే పొలం చూసేసి వెళ్ళిపోతాను" అన్నాడు, పాపం. పొద్దు వాలేవేళకి ఆయన వీధరుగు పక్కన నవారు మంచం మీద గుర్రు పెడుతున్నాడు. మంగాయమ్మ భర్త బంగార్రాజే లేపి, పొలం రేపు చూద్దురుగానిలెండి అని సాగనంపాడు. ఇక ఆవిడ అల్లుడి మాటకొస్తే, తణుకులో పెద్ద ఉద్యోగం, ఎవరికీ జడవని మనిషి. అత్తారింటికి బయలుదేరేముందు మాత్రం వదులు చొక్కా వెతుక్కుంటాడు.

మంగాయమ్మ దగ్గర మూడు మాటలున్నాయి. అతిథి మొదటిసారి వద్దంటే, "అయ్యో, అదేం తిండండీ, పిచ్చుకైనా అంతకంటే ఎక్కువ తింటుంది" అంటుంది. రెండోసారి వద్దంటే, "మా ఇల్లని మొహమాటపడుతున్నారా? మీ ఇల్లే అనుకోండి" అంటుంది. అప్పటికీ లొంగకపోతే గొంతు తగ్గించి, "ఈ ఒక్క గరిటే. ఇది నాకోసం" అంటుంది. ఆ మూడో మాటకి లొంగని మొనగాణ్ణి ఆ ఊరు ఇంతవరకూ చూడలేదు.

ఇదంతా వాళ్ళమ్మ నేర్పిన విద్య. "మొదటిసారి వద్దంటే మర్యాద, రెండోసారి వద్దంటే మొహమాటం, మూడోసారి వద్దంటేనే వద్దని" అనేదావిడ. ఆకు మీద అడ్డం పెట్టిన చెయ్యిని చదవడం కూడా అమ్మే నేర్పింది. వేళ్ళు దగ్గరగా ఉంటే కడుపు నిండినట్టు. వేళ్ళు ఎడంగా ఉంటే, ఆ సందుల్లోంచి పులుసు వెయ్యమని అర్థం.

బాగానే ఉంది. మరి ఇంతమందికి కొసరి కొసరి పెట్టిన మంగాయమ్మకి పెట్టేదెవరు? ఇంట్లో అందరూ తిన్నాక వంటింట్లో పీట వేసుకుని, గిన్నెలు చుట్టూ పెట్టుకుని, కుడిచేత్తో తింటూ ఎడంచేత్తో తనే వడ్డించుకుంటుంది. పెళ్ళిళ్ళకి వెళ్తే వడ్డించే బృందానికి ఈవిడే నాయకురాలు. కడబంతిలో కూర్చునేసరికి అడిగేవాళ్ళకి ఓపికుండదు, గుండిగలో గుత్తొంకాయ ఉండదు. చుట్టాలింటికి వెళ్ళినా కాళ్ళు కడుక్కుని తిన్నగా వంటింట్లోకే నడుస్తుంది. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆవిణ్ణి ఇంకొంచెం తినమని బతిమాలినవాళ్ళు లేరు. ఆ వెలితి ఆవిడకి ఉంది, మాటల్లో మాత్రం ఎప్పుడూ బయటపడలేదు.

ఒక్కసారి బయటపడింది. మొన్న పండగలయ్యాక కూతురు మమత వచ్చినప్పుడు ఇద్దరూ పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. ఉన్నట్టుండి మంగాయమ్మ, "ఒక్కపూట నన్నెవరైనా ఆకు ముందు కూర్చోబెట్టి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా వడ్డిస్తే ఎలా ఉంటుందే?" అంది. అని, తనే సిగ్గుపడి, రొయ్యల గిన్నె కడిగే వంకతో లేచిపోయింది. మమత ఆ మాట మర్చిపోలేదు.

రెండోపంట దాళ్వా ఊడ్పులు అయిపోయాయి. మాఘమాసంలో ఒక ఆదివారం మమత ఆరేళ్ళ కూతురు చాందినిని వెంటబెట్టుకుని కారులో దిగింది.

"పదండి. కొల్లేటి గట్టు మీద కొత్త రెస్టారెంటు పెట్టారు. ఇవాళ మనందరికీ అక్కడే భోజనం."

"ఇంట్లో పొయ్యి లేదా? మీ అమ్మకి చేతులు లేవా?" అన్నాడు బంగార్రాజు. ఆయనకి బయటి తిండంటే గిట్టదు. గిట్టకపోవడమేమిటి, ఎప్పుడైనా తింటే కదా!

"అమ్మకి చేతులున్నాయనే నాన్నా, ఇవాళ వాటికి సెలవు."

మంగాయమ్మ లోపలికి వెళ్ళి జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. ఆ చీర చూశాక బంగార్రాజు చెప్పులు వెతుక్కున్నాడు.

ఏలూరు దాటి లంక ఊళ్ళ దారి పట్టాక రెండువైపులా చేపల చెరువులే. ఆ చెరువుల చివర, నీళ్ళలోకి గుంజలు దిగేసి, చెక్కబల్లలు పరిచి, పైన తాటాకు కప్పేశారు. తాటాకు కింద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కాస్త దూరంలో గూడబాతులు బారులు తీరి, తమ బంతి ఎప్పుడా అన్నట్టు నీళ్ళకేసి చూస్తున్నాయి. గుమ్మం దగ్గర పెద్ద బోర్డు: కడుపునిండా భోజనం, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వడ్డన.

మంగాయమ్మ ఆ బోర్డు చదివి లోపల్లోపల పొంగిపోయింది.

పళ్ళెంలో అరిటాకు వేసి, వేడి అన్నం పెట్టారు. వడ్డించే అమ్మాయి పేరు ప్రసన్న. చొక్కా మీద పేరు కుట్టి ఉంది. హోటల్ కోర్సు చదివి, విశాఖలో పని నేర్చుకుని వచ్చింది. నవ్వుమొహం, నెమ్మది మాట. ముద్దపప్పు వేసింది, రొయ్యల వేపుడు వేసింది, బొచ్చె చేప పులుసు వేసింది. మంగాయమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పులుసులో పులుపూ కారమూ సరిగ్గా సరిపోయాయి, చేప మెత్తగా ఉడికింది. అన్నిటికంటే ముఖ్యం, అది వేడిగా ఉంది. పులుసు వేడిగా తిని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

వేసిన పులుసు చిటికెలో అయిపోయింది. ప్రసన్న గరిటె పట్టుకుని వచ్చింది.

"అమ్మగారూ, ఇంకొంచెం పులుసు వెయ్యమంటారా?"

ఈ క్షణం కోసమే కదా జరీ చీర! మంగాయమ్మ ఎంతో ముద్దుగా, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలమ్మా, చాలు" అంది. వేళ్ళ మధ్య చేపపిల్ల దూరేంత సందు ఉంచింది.

"సరేనండీ" అని ప్రసన్న నవ్వి వెళ్ళిపోయింది.

మంగాయమ్మ చెయ్యి అలాగే ఆకు మీద ఉండిపోయింది.

తరువాత రొయ్యలు వచ్చాయి. ఈసారి జాగ్రత్తగా ఉండాలనుకుంది. కానీ నలభై ఏళ్ళ అలవాటు నాలుక మీద కూర్చుని ఉంటే జాగ్రత్త ఏం చేస్తుంది? "వద్దమ్మా" అనేసింది. ప్రసన్న "థాంక్యూ అండీ" అని అవతలి బల్లకి వెళ్ళిపోయింది. వద్దన్నందుకు థాంక్యూ ఏమిటో మంగాయమ్మకి అంతుపట్టలేదు.

బంగార్రాజుదీ అదే గతి. "ఉండనీ అమ్మాయ్" అని ఊరికే ఒక మాట అన్నాడు, రొయ్యలు పోగొట్టుకున్నాడు. "ఇదేం మర్యాదే? ఒక్కసారి అడిగి పోతుందేమిటి?" అని గొణిగాడు. చాందిని మాత్రం అడగకముందే పళ్ళెం చాపి రెండోసారి రొయ్యలు వేయించుకుంది.

"అమ్మా, కావాలంటే కావాలని చెప్పవే. అడగందే అమ్మైనా పెట్టదంటారు" అంది మమత.

"ఆ సామెత కట్టినవాడు మనవైపు వాడు కాదులే."

"పోనీ, నేను పిలిచి వెయ్యమని చెప్పనా?"

"చెప్పి వేయించుకుంటే తిండవుతుంది గానీ మర్యాదెలా అవుతుందే?" అంది మంగాయమ్మ. నవ్వుతూనే అంది కానీ, గొంతులో నవ్వు లేదు.

మమత మనసు చివుక్కుమంది. ఇంతలో చాందిని తినడం ముగించి, పక్షుల్ని చూద్దాం రమ్మని కొంగు పట్టి లాగేస్తోంది. మమత పిల్లని తీసుకుని చేతులు కడిగించి, రెయిలింగు దగ్గరికి వెళ్ళింది. బంగార్రాజు కూడా పెరుగన్నం ముగించి, ఇక్కడ అలిగినా పట్టించుకునేవాళ్ళు లేరని తేల్చుకుని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. బల్ల దగ్గర మంగాయమ్మ, ఆవిడ ముందు సగం అన్నమున్న ఆకు మిగిలాయి.

పక్కబల్ల మీద బక్కపల్చటి మనిషొకాయన ఒంటరిగా తింటున్నాడు. జంగారెడ్డిగూడెం నుంచి చేపల వ్యాపారం పనిమీద వచ్చినట్టున్నాడు, ఫోనులో ఆ మాటలే మాట్లాడుతున్నాడు. ప్రసన్న పులుసు గిన్నెతో వెళ్ళి అడిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అన్నాడు. వేళ్ళ మధ్య సందు మంగాయమ్మకి ఇక్కణ్ణుంచే కనిపించింది. ప్రసన్న గిన్నెని మధ్యబల్ల మీద పెట్టి ఇంకో పనికి వెళ్ళిపోయింది. ఆయన చూపు ఆ గిన్నె వెంటే వెళ్ళి, ఖాళీగా వెనక్కి వచ్చింది.

అంతే, మంగాయమ్మ ఉండలేకపోయింది. తన ఆకలి ఓర్చుకోగలదు గానీ కళ్ళెదుట మనిషి అర్ధాకలితో లేస్తే ఎలా ఓర్చుకుంటుంది? లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఆయనకి రెండు గరిటెలు వెయ్యాలి. చెయ్యి కడిగితే తన భోజనం అక్కడితో సరి. ఆకు ముందు నుంచి లేచినవాళ్ళు మళ్ళీ ఆ ఆకు దగ్గర కూర్చోరు, వాళ్ళింట్లో అది పద్ధతి. పోతే పోయింది. ఎన్నిసార్లు అలా సగంలో లేవలేదు! కుర్చీ వెనక్కి జరిపింది.

"కూర్చో."

బంగార్రాజు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"అదికాదండీ, పాపం ఆయన..."

"చూశాలే. కూర్చో. నా చెయ్యి కడిగే ఉంది."

అని వెళ్ళి గిన్నె, గరిటె అందుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి గరిటె పట్టడం మంగాయమ్మ చూడలేదు. పారతో గట్టు మీద మట్టి వేసినట్టు పక్కబల్ల ఆయన ఆకులో రెండు గరిటెలు వేశాడు. "అబ్బే, చాలండీ, చాలు" అంటూనే ఆయన మొహం విచ్చుకుంది.

ప్రసన్న కంగారుగా పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, మీరెందుకండీ? సార్ వద్దన్నారు కదండీ?"

"వద్దంటే వెళ్ళిపోతావా తల్లీ?"

"వద్దన్నాక మళ్ళీ వేస్తే కస్టమర్లు కోప్పడతారని మాకు నేర్పారండీ."

"నీ తప్పు లేదులే. మా వైపు మూడుసార్లు అడగాలమ్మా" అని, బంగార్రాజు గిన్నెతో సహా తన బల్ల వైపు తిరిగాడు.

తిరిగి, ఆగిపోయాడు. సగం ఆకు ముందు జరీ చీరలో కూర్చున్న భార్యని చూశాడు. ఇంట్లో ఆయన తినేసి వీధిలోకి వెళ్ళాక గానీ ఆవిడ పీట వేసుకోదు. ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడ అన్నం తింటుండగా ఎదురుగా కూర్చుని చూసింది ఇవాళే. ఈవిడకి పులుసంటే ఇంత ఇష్టమని ఇందాకే, ఆ కళ్ళు మూసుకున్నప్పుడే తెలిసింది. అది ఆయనకి చాలా సిగ్గనిపించింది.

గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొంచెం పులుసు వేసుకోండి" అన్నాడు.

భార్యని అండీ అనడం! మంగాయమ్మ అదిరిపడి అటూ ఇటూ చూసింది. "మీరేంటండీ, నలుగురిలో... నాకొద్దు" అంటూ ఆకుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"అదేం తిండండీ? పిచ్చుకైనా అంతకంటే ఎక్కువ తింటుంది."

పక్కబల్ల ఆయన తినడం ఆపి చూస్తున్నాడు. ప్రసన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంగాయమ్మకి నవ్వాగలేదు. "చాలండీ బాబూ, ఊరుకోండి" అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"మొహమాటపడుతున్నారా? మీ ఇల్లే అనుకోండి."

నవ్వుతున్న మంగాయమ్మకి ఉన్నట్టుండి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన మాటలే అవి. గుమ్మం తొక్కిన ప్రతివాడికీ తను వడ్డించిన మాటలు. పక్కన కూర్చుని తింటూ ఈ మనిషి అన్నీ విన్నాడన్నమాట, విని దాచుకున్నాడన్నమాట. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా లోటుండదంటారు. తనది ఎంత కడబంతో తలుచుకుంటే ఆవిడకి ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. "వద్దండీ" అనబోయి, ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంది.

బంగార్రాజు వంగి, గొంతు తగ్గించాడు.

"ఈ ఒక్క గరిటే, మంగా. ఇది నాకోసం."

మంగాయమ్మ చెయ్యి తీసేసింది.

ఆయన వేశాడు. చేపముక్కతో సహా వేశాడు, అన్నం మునిగేదాకా వేశాడు, పులుసు ఆకు అంచు దాటి పళ్ళెంలోకి పారింది. రెయిలింగు దగ్గర మమత పక్షుల్ని వదిలేసి ఇటే చూస్తూ నిలబడిపోయింది. ఆయన పక్కనే నిలబడి, కదలకుండా, ఆవిడ తింటున్నంతసేపూ గిన్నె పట్టుకునే ఉన్నాడు. ఆవిడ వేడివేడిగా, తాపీగా, చివరి మెతుకుదాకా తింది.

"ఇంక చాలండీ" అంది వేళ్ళన్నీ దగ్గరగా చేర్చి ఆకు మీద పెట్టి. ఈసారి నిజంగానే చాలు.

వేళ్ళు చదవడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. "అయ్యో, అదేం తిండండీ!" అని ఇంకో గరిటె వేశాడు.