ఓబులేసు మామ జగడం

మా ఓబులేసు మామకు జగడం లేందే పొద్దు గడవదు. బేతంచెర్లలో కరెంటు పోతే బండలు పాలిష్ పట్టే మిషన్లన్నా నిలుస్తాయి గానీ మామ నోరు నిలవదు. "నువ్వు చెప్పిందే నిజం మామా" అని ఒప్పుకున్నా వదలడు. ఎట్ల నిజమో చెప్పమని తగులుకుంటాడు.

అందులో పెద్ద వాటా ఆయన పెండ్లాం సుంకులమ్మత్తదే. అత్తకు మతిమరుపు జబ్బొచ్చి, పొయ్యి దగ్గరికి పోవడం మానేసి శానా కాలమైంది. ఈయన మాత్రం పక్కనే కూర్చుని ఆమె సంగటికి ఇంకా వంకలు పెడతానే ఉంటాడు. జబ్బుమనిషితో ఇదేం పనని వీధంతా నోరెళ్లబెట్టింది. నేను మొహమ్మీదే అడిగితే నాతోనూ జగడమే.

మొన్న అత్తకు జ్వరం ముదిరితే కర్నూల్లో ఒక ఆస్పత్రిలో చేర్పించినాం. వార్డులో ఇంటోళ్లెవురూ ఉండకూడదంట. మామ వాచ్‌మన్‌తో కొట్లాడి, రాని లిఫ్టుతో కూడా కొట్లాడి, చివరికి బయటే కూలబడినాడు. లోపల అత్త ఎవుర్నీ గుర్తుపట్టక, సెలైన్ సూది పీకేసి, మెతుకు ముట్టలేదు. తెల్లారినాక ప్రేమజ్యోతి అనే సిస్టర్ బయటికొచ్చి, ఇట్లయితే చేతులు మంచానికి కట్టేసి ముక్కులో గొట్టం వేయాల్సొస్తాదని చెప్పింది. మామ ఆమెతో జగడానికి దిగలేదు. అట్లాంటిది నేను చూడటం అదే మొదటిసారి.

"ఒకసారి నన్ను పోనీయమ్మా" అన్నాడు నెమ్మదిగా. సిస్టర్ డాక్టర్ని అడిగి మా ఇద్దర్నీ లోపలికి తోడుకుని పోయింది.

బుజ్జగిస్తాడనుకుంటిమి. మామ పోతూనే ఇడ్లీ ప్లేటు అందుకుని, "నువ్వు చేసేదానికంటే ఈ ఆస్పత్రి ఇడ్లీనే శానా మేలు" అన్నాడు. సిస్టర్ కొయ్యబారిపోయింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

గోడ చూస్తాండే అత్త గబుక్కున ఇటు తిరిగింది. "ఏదీ, ఇట్లియ్యి."

ఒక ముక్క నోట్లో వేసుకుని ఉప్పు లేదంది. ఇంకోటి తిని పిండి పులవలేదంది. మామ మెచ్చుకునే కొద్దీ ఆమె తిని మరీ వంకలు పెట్టింది. ప్లేటు ఖాళీ అయింది. ఆ సందులోనే సిస్టర్ సూది ఎక్కించేసింది, అత్త చూసుకోనే లేదు.

నేను గుడ్లప్పగించి చూస్తాంటే మామ నా చెవిలో చెప్పినాడు. "బాగుండావా అంటే గోడ చూస్తాదప్పా. జగడానికి పోతే మాత్రం పలుకుతాది."

ఇన్నాళ్లూ ఇదా సంగతని నాకు దిమ్మ తిరిగింది.

డాక్టరు వచ్చి, చేతులు కట్టేపని లేదని, మామనే మంచం పక్కన ఉండమన్నాడు. ఈయన ఎవరమ్మా అని అత్తనడిగినాడు. ఆమె శానాసేపు మామను ఎగాదిగా చూసింది.

"ఎవురో తెల్దు సార్. నోరైతే మంచిది కాదు. ఈ ముసలాయన్ని యాడికీ పంపించాకండి."

"ఎవురు ముసలాయన?" అని మామ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.