మీకేం గారి "ఇతరాలు"

ఆయనకున్న జబ్బు ఒక్కటే, అసూయ. ఎదుటివాడు పచ్చగా ఉంటే కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు. ఎవరేం చెప్పినా "మీకేమండీ" అని అందుకుని, చెప్పినవాళ్ళ అదృష్టాన్ని వాళ్ళకే విడమరిచి చెప్పేవాడు. పన్ను పీకించుకుని వాచిన బుగ్గతో వచ్చిన ప్యూనునైనా వదల్లేదు. "నీకేమయ్యా, ఇక ఆ పన్ను జన్మలో నొప్పి పెట్టదు" అన్నాడు. దాంతో ఆఫీసంతా ఆయన్ని "మీకేం గారు" అనడం మొదలుపెట్టింది. అసలు పేరు అందరూ మర్చిపోయారు.

ఏటా దేశంలోకి ఏ సరుకు ఎంత దిగిందో లెక్కగట్టి పుస్తకం అచ్చువేసే ఆఫీసు అది. ఒక్కో సరుకుకి పట్టికలో ఒక్కో వరుస, ఒక్కో గుమాస్తా. మనుషుల్ని కూడా గొడుగులాయన, గడియారాలాయన, టైపు మిషన్లావిడ అని సరుకు పేరుతోనే పిలుచుకునేవారు. మీకేం గారికి మాత్రం పట్టిక అట్టడుగున "ఇతరాలు" అనే వరుస దక్కింది. ఎలుకబోనులు, గుండీలు, బొమ్మలకి పెట్టే గాజుకళ్ళు, ఇలా దిక్కూ మొక్కూ లేని సరుకంతా అందులో చేరేది.

ఆ వరుసలో ఏ సరుకైనా పదివేలు దాటితే దానికి సొంత వరుస వస్తుంది, ఇంకో గుమాస్తా వచ్చి దాన్ని పట్టుకుపోతాడు. గొడుగులు అలాగే పోయాయి. మూడొందలున్నప్పటినుంచీ వాటిని సాకింది మీకేం గారు, పేరొచ్చింది వేరొకరికి. ఆ నెలంతా ఆయన గొడుగులాయనతో మాట్లాడలేదు. ఒకరోజు జోరువానలో గొడుగులాయన పాపం గొడుగు పట్టబోతే, "మీకేమండీ, మీదంతా గొడుగుల రాజ్యం" అని తడుస్తూనే ఇంటికి పోయి మూడురోజులు జ్వరంతో మూలిగాడు.

దీనికి రెండోవైపు కూడా ఉంది. ఒక సరుకు వరుసగా రెండేళ్ళు పదివేలకి తగ్గితే దాని వరుస కొట్టేసి ఇతరాల్లో కలిపేస్తారు, గుమాస్తాని రేవు ఆఫీసుకి బదిలీ చేస్తారు. దేశంలోనే గడియారాల ఫ్యాక్టరీ పెట్టాక గడియారాల దిగుమతి పడిపోయింది, గడియారాలాయన రెండురోజుల ప్రయాణమంత దూరాన ఉన్న రేవుకి పెట్టే బేడా సర్దుకున్నాడు. మీకేం గారు దానికీ కుళ్ళుకున్నాడు. "ఆయనకేమండీ, రోజూ సముద్రం చూస్తాడు" అన్నాడు.

తర్వాత వంతు టైపు మిషన్లావిడది. ఒకప్పుడు ఆవిడ వరుసలో ముప్ఫైవేలుండేవి. కంప్యూటర్లు దిగడం మొదలయ్యాక అవి పద్దెనిమిదివేలకి, పోయినేడు తొమ్మిదివేలకి వచ్చాయి. ఈ ఏడు ఆరువేలు కూడా దాటేలా లేవు. ఆవిడ భర్తకి ఆఫీసున్న వీధి చివరే దర్జీ కొట్టుంది. ఒక్కొక్కరి కొలతా రాసుకుంటూ ఇరవై ఏళ్ళలో నిలబెట్టుకున్న కొట్టు, దాన్ని ఎత్తుకుని రేవుకి వెళ్ళలేడు. ఆవిడ ఒక్కతే వెళ్ళాలి. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక, రెండు నెలలుగా రోజూ చెప్పబోయి కూర గురించి మాట్లాడుతోంది.

సరిగ్గా అప్పుడే మీకేం గారికి దశ తిరిగింది. ఇతరాల్లో నాలుగేళ్ళ కిందట రెండొందలతో మొదలైన కాలిక్యులేటర్లు పోయినేడు ఎనిమిదివేలై, ఈ ఏడు ఒక్కసారిగా నలభైవేలయ్యాయి. సూపరింటెండెంటు పిలిచి, కొత్త వరుస పెడుతున్నామని, దానికి గుమాస్తాగా ఈసారి ఆయన్నే వేస్తామని చెప్పాడు. పదమూడేళ్ళకి ఆయనకంటూ ఒక వరుస. అందరూ వెళ్ళి అభినందించారు. టైపు మిషన్లావిడ కూడా వెళ్ళింది. నోటిదాకా మంచిమాటే వచ్చింది, కడుపులో మాత్రం భగ్గుమంది.

"మీకేమండీ" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆయనతో ఆ మాట ఎవరూ అనలేదు. ఆ సాయంత్రం అందరూ ఇళ్ళకి పోయాక కూడా బల్ల దగ్గరే కూర్చుని ఏదో రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు బల్లమీద ఒక అర్జీ ఉంది. ఆయన దాన్ని హాలంతటికీ వినబడేలా చదివాడు. "టైపు మిషన్లావిడకేమండీ, రోజంతా ఖాళీ. నలభైవేల కాలిక్యులేటర్లూ నా ఒక్కడి నెత్తినేనా? మీట నొక్కితే అక్షరం పడేది టైపు మిషనైతే, మీట నొక్కితే అంకె పడేది దాని చెల్లెలు. ఎవరి చెల్లెల్ని వాళ్ళే పోషించుకోవాలి, దాన్ని ఆవిడ వరుసలోనే కలిపేయండి."

హాలంతా నవ్వింది. టైపు మిషన్లావిడ తలెత్తలేదు. మునిగిపోతున్న మనిషిని చూసి కూడా ఓర్వలేకపోయాడని ఆవిడకి ఏడుపొచ్చింది. చచ్చిన పాముని కొడతారేమండీ అని గొడుగులాయన కోప్పడ్డాడు. పదమూడేళ్ళుగా ఇలాంటి అర్జీలు చదివి విసిగిపోయిన సూపరింటెండెంటు, పీడా వదిలిపోతుందని అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

వారం తర్వాత కొత్త పట్టిక సరిచూడమని ఆవిడ బల్లమీదికే వచ్చింది. "టైపు మిషన్లు, మీటలున్న ఇతర యంత్రాలు" అన్న వరుస ఎదురుగా నలభై ఆరువేలని ఉంది. రెండుసార్లు కూడింది. వరుస బతికింది, అంటే కుర్చీ బతికింది. ఇక బదిలీ లేదు. వేలు కిందికి జరిపి ఇతరాలు చూసింది. మళ్ళీ ఎలుకబోనులే, గాజుకళ్ళే. ఆవిడ లేచి నాలుగు బల్లలు దాటి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఎందుకు చేశారండీ?"

"ఏం చేశాను? పని తప్పించుకున్నాను."

"పదమూడేళ్ళు ఎదురుచూశారు."

దొరికిపోయినవాడిలా ఆయన చిరాకుపడ్డాడు. కలం మూతపెట్టి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"చూడండమ్మా, గడియారాలాయన వెళ్ళాక రెండు నెలలు నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు మీరూ వెళ్ళిపోతే, నేను ఎవర్ని చూసి ఏడవాలి?"

ఆవిడ నవ్వాపుకోలేక చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమే ప్యూనుని పిలిచి తన బల్లని ఆయన బల్లకి సరిగ్గా ఎదురుగా వేయించుకుంది, ఆయన మెడ తిప్పక్కర్లేకుండా తీరిగ్గా చూసి ఏడుస్తాడని.