ఊరికే ఇచ్చిన ప్రోగ్రామ్

కోయంబత్తూరులోని మా ఆఫీసు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ మెయిన్‌ఫ్రేమ్‌ను చూసుకుంటుంది. ఆ పెద్ద కంప్యూటర్ ఎక్కడో వేరే దేశంలో ఉంటుంది, దాని బాగోగులు మాత్రం మావి. నేను చేరిన మొదటిరోజే ఒక చిన్న ప్రోగ్రామ్ వాడటం నేర్పారు. దాని పేరు టైపు చేస్తే చాలు, ఏ జాబ్, అంటే మెషీన్‌కు అప్పగించిన పని, పూర్తయింది, ఏది మధ్యలో ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ ఒకే తెరమీద చూపించేది. ఏళ్ల తరబడి అందరం దాన్ని చూశాకే కాఫీకి లేచేవాళ్లం. మెషీన్‌తోపాటే వచ్చిందనుకున్నాం.

ఒకసారి సిస్టమ్ కొత్త వెర్షన్‌ను టెస్ట్ మెషీన్‌లో పెట్టారు. ఆ ఆదివారం అసలు మెషీన్‌లోకి మార్చాలి. నేను అలవాటుగా ప్రోగ్రామ్ పేరు కొట్టాను. ఎర్ర అక్షరాలు వచ్చి ఆగిపోయింది. మళ్లీ కొట్టినా అంతే.

మా మేనేజర్ వచ్చి చూసి, సపోర్టుకు ఫోన్ చెయ్యమని తమిళంలో అన్నారు. ఎవరికి చెయ్యాలి? వెతికితే ఆ ప్రోగ్రామ్ రాసిన సోర్స్ ఫైలు దొరికింది. దాని మొదట్లోనే రాసి ఉంది: ఇది ఉచితం, ఏ హామీ లేదు, పనికొస్తే సంతోషం, బాగుచేస్తే నాకూ చెప్పండి. ఎవరో విదేశీ ప్రోగ్రామర్ తన ఆఫీసు కోసం రాసుకుని అందరికీ పంచిపెట్టాడు. కింద ఒక మెయిల్ అడ్రస్ ఉంది, కంపెనీ అంటూ ఏదీ లేదు.

నేను చదివి వినిపించగానే మేనేజర్ తల పట్టుకున్నారు. “అయ్యో దేవుడా, ఇదేంది ఇట్లాయె!”

అది తమిళం కాదు. నేను చటుక్కున తిరిగి చూశాను. “సార్, మీ ఇంట్లో తెలుగా?”

“ఆమామ్మా, తెలుగే, మాది తిరుమంగళం. నువ్వు?”

“కినత్తుకడవు సార్. ఇంట్లో అంతా తెలుగే.”

“ఇన్నాళ్లు పక్కపక్కన కూర్చోని తమిళంలోనే మాట్లాడుకొంటిమే!” అని ఆయన పగలబడి నవ్వారు. నాకు సగం భయం అక్కడే పోయింది.

ఆ పాత అడ్రస్‌కే మెయిల్ రాశాను. జవాబు వస్తుందని ఆశ లేదు. మర్నాడు మధ్యాహ్నానికి వచ్చేసింది. ఆ ప్రోగ్రామర్ ఎప్పుడో రిటైరయ్యారట. “ఇంకా ఎవరైనా వాడుతున్నారా?” అని మొదటి వాక్యంలోనే సంబరం. ఆగిపోయినప్పటి వివరాలు పంపమన్నారు. పంపితే, చూడవలసిన చోటు చెప్పారు. సిస్టమ్ తన పట్టికలో ఒక వివరం దాచే చోటు కొత్త వెర్షన్‌లో మారింది, మన ప్రోగ్రామ్ ఇంకా పాతచోటే వెతుకుతోంది. ఎలా దిద్దాలో మాత్రం చెప్పలేదు. “ఆ సరదా మీకే వదిలేస్తున్నాను” అని రాశారు.

ఆ ప్రోగ్రామ్ అసెంబ్లర్ భాషలో ఉంది, నేను అది చదివి చాలాకాలమైంది. మేనేజర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఒక్కో వరుసా పైకి చదువుతూ వెళ్లాం. తప్పు చోటు దొరికినప్పుడు ఆయనే ముందు, “ఇదో, ఈడ ఉండాది!” అని అరిచారు. నేను దిద్ది, ప్రోగ్రామ్‌ను మళ్లీ తయారుచేసి, పేరు కొట్టాను. తెరనిండా జాబులు వరుసగా వచ్చి నిలబడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మేనేజర్ అందరికీ బోండాలు తెప్పించారు. ఆదివారం మార్పు ఏ గొడవా లేకుండా జరిగిపోయింది.

దిద్దిన వరుసలు ఆ ప్రోగ్రామర్‌కు పంపాను. తన ప్రోగ్రామ్ వచ్చే వెర్షన్‌లో చేరుస్తానని రాశారు.

ఇంటికెళ్లి అమ్మకు ఇదంతా చెప్పాను.

“దీనికి ఆయనకు ఎవురు జీతమిస్తారు పాపా?”

“ఎవురూ ఇయ్యరమ్మా.”

“సుమ్మానే, ఊరికేనే చేస్తాడా?” అమ్మ తోటవైపు చూసింది. “పావం, పెద్దాయన. తోటలో కాయలుండాయి కదా, ఒక మూట పంపు.”

కొబ్బరికాయలు అంతదూరం పంపలేమని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి చెట్టుకింద రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకుని అమ్మ ఫొటో తీయించుకుంది. ముందు చీర మార్చుకుని వచ్చిందనుకోండి. అదే పంపాను. “మా ఆవిడ దీన్ని ప్రింటు తీసి వంటింట్లో అంటించింది, కాయలు ఎలా కొట్టాలో మీ అమ్మగారిని అడిగి చెప్పండి” అని ఆయన జవాబు రాశారు. అమ్మ వెంటనే కత్తి తీసుకుని తోటలోకి నడిచింది, ఫోన్ పట్టుకుని రమ్మని నన్ను కేకేస్తూ.